రెండు గుమ్మాలు

కందుకూరు దాటాక ఏసీ కట్టేశాం.
బ్యారన్లలో కాగుతున్న పొగాకు ఘాటు
అద్దాలు దించితే గానీ లోపలికి రానంది.
వెనకసీట్లో ఫ్లాస్కు, రెండు జామకాయలు.
ముందుసీట్లో మేమిద్దరం,
మధ్యలో పదకొండేళ్ళ కాపురం, గేరురాడ్డు.

పామూరు రోడ్డు మీద గొర్రెల మంద ఒకటి
ఏట్లో బండరాయిని నీళ్ళు దాటినట్టు
కారును దాటుకుంటూ పోయింది.
కాపరి అద్దం మీద వేలితో తట్టి
"టైమెంత సామీ?" అన్నాడు.
చెప్తే నవ్వాడు.
టైముతో ఆయనకేం పనో మాకు తెలియలేదు.

ఉదయగిరి కొండ ఎదురుగా కనబడింది,
కాసేపు మాయమైంది,
మళ్ళీ చూస్తే కుడిచేతి వైపు నిలబడి ఉంది.
దారి తప్పామని ఇద్దరికీ తెలుసు.
ఒప్పుకునే అలవాటు ఇద్దరికీ లేదు.
ఫోన్లో నీలం చుక్క
సర్కారు తుమ్మల మధ్య రొప్పుతోంది.

బోరు దగ్గర బిందె తోముతున్న పిల్ల
తలెత్తకుండానే చెప్పింది:
"ఊగుడోళ్ళ ఇల్లా? మలుపుకాడ ఎడంచేతికి తిరగండి.
ఆడ ఎవురూ లేరు గదా, యాడికి పోతా ఉండారు?"

సరళ సమాజం అని వాళ్ళు పెట్టుకున్న పేరు
గేటు పక్క రాతిలో చెక్కి ఉంది.
ఊరు ఒక్కరోజైనా ఆ పేరుతో పిలిచినట్టు లేదు.
శనివారం రాత్రి దీపాలు తగ్గించి
వరసల్లో నిలబడి, కళ్ళు మూసుకుని,
గాలికి జొన్నచేను ఊగినట్టు ఊగేవాళ్ళట.
పెళ్ళిళ్ళు లేవు. కన్న పిల్లలు లేరు.
కరువు ఏడాది గేటు బయట
ఎవరెవరో వదిలిపోయిన పిల్లలు మాత్రం ముప్పైమంది.
పెరిగి పెద్దయి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు,
పెళ్ళిళ్ళు చేసుకున్నారు.
లెక్కల పుస్తకంలో వాళ్ళ పేర్ల ఎదురుగా
ఒక్కటే మాట: బయటికి.

అట్లా బయటికి పోయిన ఒకాయన కొడుకు మాల్యాద్రి.
తాళంచెవి అతని మొలతాడుకి ఉంది.
"ఆడోళ్ళ గుమ్మం అది, మొగోళ్ళది ఇది.
వాళ్ళు పోయి నలభై యేండ్లు.
ఇప్పటికీ ఆ గుమ్మంలోకి నా కాళ్ళు పోవు, ఏం చెయ్యను."

నవ్వుకుని, విడివిడిగా వెళ్ళాం.

నా వైపు గదిలో గోడ పొడుగునా కర్రమేకులు.
మేకుకొక కుర్చీ తలకిందులుగా.
ఊడ్చేటప్పుడు అడ్డం రాకూడదట.
చీపురుకీ ఒక మేకు.
కలివికర్ర గరిటెలు, ఒకదాని వంపులో ఇంకొకటి.
ఒక కుర్చీ దించాను: రెండు వేళ్ళకే లేచింది.
కూర్చుంటే వీపును ఎవరో అడిగి తెలుసుకుని చేసినట్టుంది.
చేసిన మనిషి పేరు ఎక్కడా లేదు.

పుస్తకంలో చివరి పేజీ, వణికిన అక్షరాలు:
"గరిటెలు ఆరు. కుర్చీ ఒకటి, కోడు మిగిలింది. వాన లేదు."

రెండు గదులూ పోయి ఒకే హాల్లో కలిశాయి.
కడపరాళ్ళ నేల, దాని మీద
ఎదురెదురుగా రెండు వరసల గుంటలు,
మడమల గుంటలు,
ఊగి ఊగి రాయి అరిగిన చోట్లు.
వరసకీ వరసకీ మధ్య నాలుగు బారలు.
"ఎదురుగా నిలబడి ఊగేవోళ్ళంట.
ముట్టుకునేది లేదు. చూసుకునేదే."

ఒక గుంటలో నిలబడ్డాను.
నా మడమకి కాస్త పెద్దది, చల్లగా ఉంది.
అవతలి గుమ్మంలోంచి మా ఆయన వచ్చి
ఆటగా ఎదురు వరసలో నిలబడ్డాడు.

కార్లో పక్కన, మంచం మీద పక్కన,
టీవీ ముందు పక్కన,
పెళ్ళిళ్ళ ఫొటోల్లో పక్కన.
ఈ మనిషిని తల నుంచి పాదాల దాకా
ఎదురుగా చూసి ఎన్నాళ్ళయిందో.
గడ్డంలో తెలుపు ఒకవైపే వచ్చింది.
ఎడమ భుజం కొంచెం కిందికి జారింది.
మేమిద్దరం ఊగలేదు. కళ్ళూ మూసుకోలేదు.
మాల్యాద్రి బయటికి పోయి బీడీ వెలిగించాడు.

కుర్చీ అమ్ముతారా అంటే అతను తల అడ్డంగా ఊపాడు.
గరిటె ఒకటి అరవైకి ఇచ్చి
"ఇది వాళ్ళది కాదు, ఉదయగిరి బజారుది.
నిజం చెప్తన్నా" అన్నాడు.

పామూరులో టీకొట్టు ముందు బల్ల.
ఎప్పటిలా నా పక్కన కూర్చోబోయి
ఎందుకో చుట్టూ తిరిగి
అవతలి వైపు కూర్చున్నాడు.
"చొక్కాకి రెండో గుండీ లేదు" అన్నాను.
"పోయిన నెల నుంచీ లేదు" అన్నాడు.